ఈశాన్యం చూడని ఇనుము

పైడితల్లి చెత్తబుట్టను కిటికీలోంచి బయటికి దించి, ఆ వెనకే తనూ దిగింది. గోడ పక్కన వేసిన ముక్కాలిపీట మీద ఒక కాలు మోపి, కుచ్చిళ్లు ఎడమచేత్తో ఎత్తిపట్టి, నెత్తికి చట్రం తగలకుండా మెడ వంచి దిగడం ఈమధ్య ఆమెకు బాగానే అలవాటైంది. కిటికీ ఊచలు అడ్డం లేవు. సంస్థ ఇంజనీరింగు విభాగం వాళ్లే వచ్చి కోసి పట్టుకెళ్లారు.

లోపల్నుంచి అత్త సూరీడమ్మ పాలగిన్నె అందించింది.

"ఏటే పైడీ, లచ్చనంగా వీధి తలుపుండగా ఈ దూకుడేటే? మనవేటి దొంగలమా?"

"తలుపు ఆగ్నేయం సూస్తంది అత్తా. సీలేసీసినారు కదా."

"సూస్తే సూడనీ. దాని కల్లు దానియ్యి. ఈలకేటి నొప్పి?"

ఈ ప్రశ్నకు సంస్థలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

అది రాష్ట్ర ఉపరితల పదార్థ పరిశోధనా సంస్థ. సముద్రానికి కాస్త ఎగువన, ఎర్రమట్టి గుట్ట వాలులో దాని కార్యాలయం, ప్రయోగశాలలు, ఉద్యోగుల క్వార్టర్లు ఉన్నాయి. నిరుడు వేసవిలో దానికి రావలసిన నిధులు ఆగిపోయాయి. డైరెక్టర్ విద్యాధరరావు గారు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, రాజధానికి వెళ్లి పెద్దవాళ్ల గుమ్మాల్లో కూర్చున్నారు. చివరికి ఎవరో చెబితే వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన్ను పిలిపించారు. ఆయన ఆవరణంతా ఒక చుట్టు తిరిగి, గేటును ఈశాన్యానికి జరిపితే మంచిదని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. గేటు జరిపారు. నిధులు వచ్చాయి. గేటు జరపకముందే అవి రాజధానిలో బయల్దేరాయన్న సంగతి అకౌంట్స్ గుమాస్తాకు తెలుసు. కానీ అతను పిల్లలు గలవాడు.

ఒక్క గేటు తిరిగితేనే ఇంత జరిగితే, అన్నీ తిరిగితే ఎంత జరగాలి అని డైరెక్టర్ గారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నారని తెలిస్తే సంస్థలో అందరికీ గుండెల్లో రాయి పడుతుంది. పడినట్టే 'దిశానుగుణ్యతా ఉత్తర్వు' వెలువడింది: "సంస్థ ఆవరణయందు దిశ కలిగిన ప్రతి వస్తువు, సజీవ నిర్జీవ భేదము లేక, విధిగా ఈశాన్యాభిముఖమై ఉండవలెను."

కుర్చీలు తిరిగాయి. డైరెక్టర్ గారి కుర్చీ ఈశాన్యం తిరిగింది, బల్లకు ఇవతల ఉన్న కుర్చీలూ ఈశాన్యమే తిరిగాయి. దాంతో ఆయనతో మాట్లాడటానికి వచ్చినవాళ్లు ఆయనకు వీపు చూపించి కూర్చుని, వినయంగా ఎదురుగోడకు నమస్కారం పెట్టేవాళ్లు. సమావేశాల్లో అందరూ ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. మొదట్లో ఇబ్బందిగానే ఉండేది గానీ, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేకపోవడంలోని సుఖం తెలిశాక ఎవరూ నోరెత్తలేదు. జిరాక్సు యంత్రం కాగితాలను గోడకేసి ఉమ్మేది. సీలింగు ఫ్యాన్లు ఏ ఒక్క దిక్కునా నిలకడగా చూడటం లేదు కనుక, వాటిపై విచారణ తేలేవరకు ఆపేశారు. సముద్రపు ఉక్కలో ఉద్యోగులు చెమటలు కక్కుతూ విచారణ ఫలితం కోసం ఎదురుచూశారు. తప్పుడు దిక్కు చూసే తలుపులకు గుడ్డపీలిక అడ్డంగా కట్టి, లక్కతో సీలు వేశారు.

అన్నీ తిరిగాక, తిరగనివి ఇంకా ఏమైనా ఉన్నాయేమో అని విభాగాలన్నిటికీ సర్క్యులర్ వెళ్లింది. అన్ని విభాగాలూ "లేవు" అని జవాబు రాశాయి. ఖనిజ విభాగం వాళ్లు దిక్సూచిని బీరువాలో పడేసి తాళం పెట్టి మరీ రాశారు.

తాత్కాలిక శాస్త్రవేత్త పైడితల్లి ఒక్కతే నిజం రాసింది. అందులో తెగింపేమీ లేదు. అడిగారు, తెలుసు, చెప్పింది. ఊరిబడిలో నేర్చుకున్న పద్ధతి అది. పెద్ద చదువులు చదివాక దాన్ని మార్చుకోవాలని ఆమెకు తోచలేదు. "మా ప్రయోగశాలలో అర్ధవాహక స్ఫటికం మీద ఉన్న ఇనుప పరమాణువులకు దిశ ఉంది. ప్రస్తుతం అవి ఆగ్నేయం చూస్తున్నాయి" అని రాసి, సంతకం పెట్టి పంపింది.

ఆమె ప్రయోగశాల నేలమాళిగలో ఉంది. గాలి మొత్తం తోడేసిన ఒక ఉక్కు పాత్ర, దానిలోపల చిటికెనవేలి గోరంత గాలియం ఆర్సెనైడ్ పలక. సెల్‌ఫోన్ల చిప్పుల్లో వాడే అర్ధవాహకాల కోవలోది అది. దాని మీద పైడితల్లి ఇనుమును ఆవిరి చేసి, మంచు కురిసినంత మెల్లగా కురిపించింది. ఇనుప పరమాణువు ప్రతిదీ ఒక చిన్న అయస్కాంతమే. కొద్దిగా రాలినప్పుడు ఎటు చూడాలో వాటికి తెలియదు. పలక మీద తచ్చాడి, చిన్న చిన్న గుంపులు కడతాయి. గుంపులు పెరిగి ఒకదానికొకటి తగిలిన క్షణాన, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు అన్నీ ఒక్క వైపు తిరుగుతాయి. ఎటు తిరగాలో చెప్పేది కింద ఉన్న స్ఫటికం. దాని మీద ఆర్సెనిక్ జంటలు దుక్కి చాళ్లలా బారులు తీరి ఉంటాయి. ఇనుము ఆ చాళ్లను బట్టి ఒక మూలకు నిలుస్తుంది.

అయితే అన్నిటికంటే అడుగున, స్ఫటికాన్ని నేరుగా తాకే ఇనుము ఆర్సెనిక్‌తో కలిసిపోయి, అయస్కాంతగుణం పోగొట్టుకుంటుంది. దాన్ని చచ్చిన పొర అంటారు. ఆ పొరను ఎంత పలచన చేయగలం అన్నదే పైడితల్లి పని. ఏళ్ల తరబడి పలక వెనక పలక పాడవుతూ వచ్చింది. ఈసారి, ఈ ఒక్క పలక మీద, చచ్చిన పొర దాదాపు లేదు. ఇక మిగిలింది ఒకే ఒక కొలత. పలకను బాగా చల్లార్చి చూడాలి, అందుకు కావలసిన ద్రవ హీలియం వచ్చే వారం వస్తుంది. ఆ కొలత చేతికొస్తే ఆమె తాత్కాలిక ఉద్యోగం నిలుస్తుంది, తనూ అత్తా తలదాచుకున్న క్వార్టరూ నిలుస్తుంది. రాకపోతే రెండూ పోతాయి.

హీలియం కంటే ముందు కమిటీ వచ్చింది.

డైరెక్టర్ గారు, రిజిస్ట్రారు సాంబమూర్తి, వాళ్ల వెనక బలవంతాన పట్టుకొచ్చిన సిద్ధాంతి. ముగ్గురూ నేలమాళిగలోకి దిగి, అలవాటు కొద్దీ ఈశాన్యం తిరిగి నిలబడ్డారు. యంత్రం వాళ్ల వీపుల వెనక ఉండిపోయింది. పైడితల్లి కంప్యూటరు తెరను మోసుకొచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"వీరిలో ఎవరు?" అన్నారు డైరెక్టర్ గారు.

"ఈ బుడిపెలన్నీ సార్. ఒక్కొక్కటీ ఒక పరమాణువు."

"మొహం ఎటు?"

"మొహం ఉండదు సార్. ఉత్తర ధ్రువం ఆగ్నేయం వైపుంది."

డైరెక్టర్ గారు కళ్లు మూసుకున్నారు. "ఉత్తర ధ్రువం! ఆగ్నేయం వైపు! సాంబమూర్తీ, ఇది బాహాటమైన ధిక్కారం."

"ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాడు సాంబమూర్తి, జేబులోంచి పెన్ను తీస్తూ.

"మన రాష్ట్ర జనాభా కంటే చాలా ఎక్కువ సార్."

"అంతమందిని ఎవరి అనుమతితో లోపలికి తీసుకున్నారు?"

సిద్ధాంతి చిన్నగా దగ్గాడు. "అయ్యా, ఆగ్నేయం అగ్ని స్థానం. ఇనుము కొలిమిలోది. అటు చూస్తే దోషమేం లేదు. నేను చెప్పింది గేటు గురించి..."

"సిద్ధాంతి గారూ, శాస్త్రం చెప్పడం మీ వంతు. అమలు మాకు వదిలేయండి." డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, వీరిని తిప్పడానికి ఎంత గడువు కావాలి?"

"తిప్పలేం సార్. కింద స్ఫటికం ఎటు చెబితే అటే నిలుస్తాయి."

"అంటే, మా ఉత్తర్వు కంటే ఆ స్ఫటికం మాట ఎక్కువా?"

"అవును సార్."

సాంబమూర్తి ఆ 'అవును'ను రాసుకున్నాడు.

"ఆ స్ఫటికం ఎక్కడిది?"

"విదేశం నుంచి తెప్పించాం సార్."

డైరెక్టర్ గారు రిజిస్ట్రారు వైపు అర్థవంతంగా చూడబోయి, ఉత్తర్వు గుర్తొచ్చి, గోడవైపు అర్థవంతంగా చూశారు.

"యంత్రాన్నే తిప్పేస్తే?" అన్నాడు సాంబమూర్తి.

"పునాదిలోకి దించి బిగించారు సార్. తిప్పాలంటే ఆ గోడ పగలగొట్టాలి."

"గోడ ఎటు చూస్తోంది?"

"ఈశాన్యం."

"దాన్ని ముట్టుకోవద్దు," అన్నారు డైరెక్టర్ గారు వెంటనే.

"ఈ కొలత అయిపోనివ్వండి సార్," అంది పైడితల్లి. "తర్వాత చేసే పలకను ఇంకో కోణంలో అతికిస్తాను. అప్పుడు ఇనుము ఈశాన్యమే చూస్తుంది."

"అంటే ఇప్పుడున్నవారు అవిధేయులుగానే పదవీ విరమణ చేస్తారా? అటువంటి ఆనవాయితీకి నేను పునాది వేయలేనమ్మా."

మర్నాడు ఇనుప పరమాణువులకు సంజాయిషీ నోటీసు వచ్చింది. "మీరు ఉత్తర్వులను ఉల్లంఘించి ఆగ్నేయాభిముఖులై ఉండుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనిచో మీరు చెప్పుకొనదగినది ఏమియు లేదని భావించబడును." ప్యూను దాన్ని ఉక్కు పాత్రకు జిగురుతో అంటించి, అందుకున్నట్టు పైడితల్లి చేత సంతకం చేయించుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి విని సూరీడమ్మ చేతిలో చింతపండు పిసకడం ఆపేసింది.

"ఇనపముక్కకి కాయితం రాసినారా? సదువుకున్నోలేనా?"

"సదువుకున్నోలే అత్తా."

"మరీ ఎక్కువ సదివీసినట్టున్నారు," అని ఆవిడ మళ్లీ పులుసులో పడింది.

పరమాణువుల నుంచి సంజాయిషీ రాలేదు. నేరం రుజువైనట్టు భావించి, వాటిని తిప్పే మార్గం ఏదైనా, ఎటువంటిదైనా, ఉన్నచో తెలుపమని మళ్లీ పైడితల్లినే అడిగారు. ఆమె మళ్లీ నిజమే చెప్పింది: పెద్ద అయస్కాంతం దగ్గర పెడితే తిరుగుతాయి, తీసేస్తే మళ్లీ పాత వైపే వెళ్తాయి.

అయస్కాంతం వచ్చింది. కరెంటు పెట్టగానే తెర మీద దిశ చూపే గీత కదిలి, ఇనుము ఈశాన్యం తిరిగింది. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. కరెంటు తీయగానే ఆగ్నేయానికి వెళ్లిపోయింది. ఆయన నొచ్చుకోలేదు.

"మన సిబ్బందీ అంతేగా సాంబమూర్తీ. నేను గదిలోకి వస్తే ఇటు, వెళ్తే అటు. మానవ స్వభావం. అయస్కాంతాన్ని శాశ్వత ప్రాతిపదికన నియమించండి."

శాశ్వత ప్రాతిపదిక మధ్యాహ్నం దాకా నడిచింది. అప్పుడు సాంబమూర్తి తనిఖీకి మరీ దగ్గరికి వెళ్లాడు. ఆయన మొలకు వేలాడే సంస్థ తాళాల గుత్తి ముందు నడిచింది, దాని వెనక ఆయన నడిచాడు. ఆయన్ను అయస్కాంతం నుంచి ఊడదీయడానికి కరెంటు ఆపక తప్పలేదు. ఇనుము మళ్లీ ఆగ్నేయం చూసింది.

నడుము పట్టుకుని స్టూలు మీద కూలబడిన సాంబమూర్తి పక్కన డైరెక్టర్ గారు దిగులుగా నిలబడ్డారు. శుక్రవారం, దిక్కులు సరిచూసి గుర్తింపు ఇచ్చే దిశామాన్య మండలి వాళ్ల తనిఖీ ఉంది. దేశంలో మొట్టమొదటి సంపూర్ణ దిశామాన్య సంస్థ అనిపించుకోవాలని ఆయన కోరిక.

"ఇంతమందిలో మన మాట వినేవాడు ఒక్కడైనా లేడా అమ్మా?" ఆ గొంతులో నిజమైన బాధ ఉంది.

పైడితల్లికి జాలి కూడా వేసింది. "అడుగున కొన్ని ఉన్నాయి సార్. అవి ఆగ్నేయం చూడవు."

"మరి ఎటు చూస్తారు?"

"ఎటూ చూడవు. ఆర్సెనిక్‌తో కలిసిపోయాయి, అయస్కాంతగుణం పోయింది. చచ్చిన పొర అంటాం."

డైరెక్టర్ గారి ముఖం విప్పారింది. "ఎటూ చూడనివాడు తప్పుడు దిక్కు చూడడు! సాంబమూర్తీ, విన్నావా? మనకు కావలసింది వీళ్లు. సణుగుడు లేదు, చూపు లేదు. ఏమ్మా, మిగతావారందర్నీ వీరిలా తయారుచేయడానికి మార్గం ఉందా?"

పైడితల్లి జవాబు చెప్పలేదు. జవాబు తెలిసి చెప్పకపోవడం ఆమెకు అదే మొదలు. తెర మీది బుడిపెల బారుల్ని చూస్తూ నిలబడింది.

కానీ డైరెక్టర్ గారు ఒకప్పుడు శాస్త్రవేత్తే. ఆ చదువంతా ఎప్పుడో ఆవిరైపోయినా, అడుగున ఒక ముక్క మిగిలి ఉంది.

"వేడి చేస్తే మొత్తం కలిసిపోతుంది కదూ?" అన్నారు.

"సార్, హీలియం వచ్చే వారం వస్తుంది. ఈ ఒక్క కొలతకోసం ఇన్నేళ్లు పట్టింది సార్. ఒక్క వారం ఆగండి."

"ఆ వారమంతా వాళ్లు ఆగ్నేయం చూస్తూనే ఉంటారు కదమ్మా," అన్నారాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా.

వేడి పెంచే మీట ఎక్కడుందో సాంబమూర్తి వెతకడం మొదలుపెట్టాడు. ఆయన చేతికి మొదట తగిలింది గాలి లోపలికి వదిలే మర. అది తిప్పితే పలకతోపాటు యంత్రమే పోతుంది. పైడితల్లి ఆయన చెయ్యి పక్కకు తీసి, తనే మీట తిప్పింది. మెల్లగా, ఇనుమును కురిపించినప్పటంత మెల్లగా తిప్పింది. పలక ఎర్రబడకముందే అంతా జరిగిపోయింది. గుంపులు చెదిరాయి. దుక్కి చాళ్లు ఒకదాన్లో ఒకటి కూలాయి. చూపుడు గీత వణికి, సున్నా మీద పడుకుంది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది, మళ్లీ లేస్తుందేమో అన్నట్టు. అది లేవదని ఆ గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

శుక్రవారం దిశామాన్య మండలి వాళ్లు వచ్చి, "ఒక్క పరమాణువు సైతం తప్పు దిశను చూడని ఏకైక ప్రయోగశాల" అని కొనియాడి షీల్డు ఇచ్చి వెళ్లారు. అభినందన సభలో డైరెక్టర్ గారు సభికుల వీపులనుద్దేశించి ప్రసంగించారు. ప్రతి ఉద్యోగీ అడుగు పొరను ఆదర్శంగా తీసుకోవాలని, పైపొరల అహంకారం సంస్థకు చేటని చెప్పారు. వీపులు చప్పట్లు కొట్టాయి. 'నేను అడుగు పొర' అని రాసిన బ్యాడ్జీలు పంచారు. కొందరు దాన్ని ఆదివారాలు కూడా పెట్టుకున్నారు.

హీలియం వచ్చింది. వాడే పని లేక వెనక్కి పంపేశారు. పైడితల్లి పాడైన పలకను యంత్రంలోంచి తీసి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంది. వంటింటి అలమరలో ఉప్పు జాడీ పక్కన పెట్టింది.

"ఇదేనా నీ ఇనప పొలం?" అంది సూరీడమ్మ డబ్బా ఎత్తి చూసి. "గోరంతుంది. దీనికా ఇంత రబస?"

"ఇదే అత్తా."

సూరీడమ్మ డబ్బాను చీరకొంగుతో తుడిచి, ఉన్నచోట పెట్టింది.

ఒక సాయంత్రం ఆ ఇంటి కిటికీ బయట ఆయాసం వినిపించింది. ముందు ఒక బట్టతల, తర్వాత ఒక భుజం, ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. "తోయవయ్యా సాంబమూర్తీ" అన్న కేక, దాని వెనక డైరెక్టర్ గారు వచ్చిపడ్డారు. రిజిస్ట్రారు ఒక ఫైలును పళ్లతో కరుచుకుని దిగాడు. ఇద్దరూ కుర్చీలు ఈశాన్యానికి తిప్పుకుని, బియ్యం డ్రమ్ముకు ఎదురుగా కూర్చున్నారు. పైడితల్లి వాళ్ల వెనక నిలబడింది.

"పైడితల్లి గారూ," అన్నారు డైరెక్టర్ గారు డ్రమ్ముతో. 'గారూ' అనడం అదే మొదటిసారి. "మన ఇనుము ప్రయోగం చూడటానికి రాజధాని నుంచి నిపుణులు వచ్చి కింద అతిథిగృహంలో దిగారు. ఇనుము అయస్కాంతంగా ఉన్నట్టు రేపు పొద్దున వాళ్లకు చూపించకపోతే, రెండో విడత నిధులు ఆగిపోతాయి."

"అయస్కాంతగుణం పోయింది కదా సార్."

"తెలుసు. వెనక్కి రప్పించండి."

"రాదు సార్. కలిసిపోయింది, ఇక విడిపోదు."

"చదువు సాంబమూర్తీ."

సాంబమూర్తి ఫైలు విప్పాడు. "ఇనుప పరమాణువుల గత సేవలను సానుభూతితో పరిగణించి, వాటికి పూర్వకాలము నుండి వర్తించునట్లు ప్రత్యేక సడలింపు మంజూరు చేయడమైనది. ఇకపై అవి తమ ఇష్టము వచ్చిన దిశను, ఆగ్నేయముతో సహా, చూడవచ్చును."

"ఇది తీసుకెళ్లి వాటికి చదివి వినిపించండి," అన్నారు డైరెక్టర్ గారు. "భయపడి ఉంటాయి పాపం. ధైర్యం చెప్పండి."

సాంబమూర్తి గొంతు తగ్గించాడు.

"వినకపోతే మాత్రం ఏమైందమ్మా? పాత బొమ్మలు ఉన్నాయిగా. అవే పెట్టి, ఇవాళ తీసినవని చెప్పండి. బుడిపెలు చూసి ఎవరు కనిపెడతారు? మీ ఉద్యోగం మూడేళ్లు పొడిగిస్తూ కాగితం కూడా తెచ్చాం. క్వార్టరూ మీదే. కావాలంటే ఈ తలుపు సంగతి కూడా చూద్దాం."

"సరే అన్నట్టేనా?" అన్నారు డైరెక్టర్ గారు.

సూరీడమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి కోడలి మొహం చూసింది. ఆ గదిలో ఆ మొహం చూసిన మనిషి ఆవిడొక్కతే. గ్లాసులు డ్రమ్ము మూత మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి, ఉప్పు జాడీ పక్కనున్న డబ్బా తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

పైడితల్లి వీధి తలుపు దగ్గరికి వెళ్లింది. గుడ్డపీలికను వేలికి చుట్టుకుని లాగింది. లక్క పెళ్లలు పెళ్లలుగా రాలింది. బిగుసుకుపోయిన గడియ కిర్రుమంది.

"ఏమిటా చప్పుడు సాంబమూర్తీ?"

"తలుపు సార్."

"ఏ తలుపు?"

ఇద్దరి మెడలూ బియ్యం డ్రమ్ము వైపే బిగుసుకుని ఉన్నాయి. తెరుచుకున్న తలుపులోంచి సముద్రపు గాలి విసురుగా వచ్చి, ఫైలులోని కాగితాలను నేలంతా చిమ్మింది.

"కాపీ సల్లారిపోతంది. తాగండి బావూ," అంది సూరీడమ్మ.

గుట్ట దిగువన, ఆగ్నేయాన, అతిథిగృహం దీపాలు అప్పుడే వెలిగాయి. పైడితల్లి డబ్బాను గుప్పిట్లో పెట్టుకుని, గుమ్మం దాటి అటు నడిచింది.